బంగాళాదుంపలు, గ్యాస్ ఖర్చు: అపోహలు - వాస్తవాలు

మా కర్రీ పాయింట్‌లో బంగాళాదుంప లేని రోజు ఉండదు. పొద్దున పూరీ కూరకి, మధ్యాహ్నం వేపుడుకి, సాయంత్రం పులుసుకి కావాల్సిందే. పార్సిల్ కట్టించుకుంటూ చాలామంది అడుగుతుంటారు: "ఇంత వండుతారు కదా, గ్యాస్ ఎలా సరిపోతుందండీ? మాకు సిలిండర్ నెలకే అయిపోతోంది." ఇంట్లో దుంపలు ఎలా ఉడికిస్తారో చెప్పమంటే విషయం తెలిసిపోతుంది. దుంప ఉడకడానికి పట్టే గ్యాస్ చాలా కొంచెం. ఎక్కువ భాగం నీళ్లకీ ఆవిరికీ పోతోంది.

అపోహ: దుంపలు మునిగేలా నీళ్లు పోస్తేనే సమంగా ఉడుకుతాయి.

కుక్కర్‌లో దుంపని ఉడికించడానికి ఆవిరి చాలు. అడుగున జాలీ ప్లేటు పెట్టి, ఒక గ్లాసు నీళ్లు పోసి (మీ కుక్కర్ పుస్తకంలో కనీసం ఎన్ని పోయాలో రాసి ఉంటుంది, అంతకు తగ్గించొద్దు) దుంపల్ని పైన పేర్చండి. లెక్క కూడా చెబుతాను. కిలో వంటగ్యాస్‌లో సుమారు 11,000 కిలో కేలరీల వేడి ఉంటుంది. బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) ప్రమాణం ప్రకారం స్టవ్ కనీసం 68 శాతం వేడిని గిన్నెకి అందించాలి, అంటే సుమారు 7,500 కిలో కేలరీలు. లీటరు నీళ్లు మరగడానికి 70 పైచిలుకు కావాలి, అంటే దాదాపు 10 గ్రాముల గ్యాస్. కిలో దుంపలు అంత వేడెక్కడానికి అంతకన్నా కాస్త తక్కువే పడుతుంది. మునగాలని రెండు లీటర్లు పోశారంటే, దుంపలకి అయ్యేదానికి రెండింతలకి పైగా నీళ్లకే ఖర్చుపెట్టినట్టు. పైగా సి విటమిన్ కొంత ఆ నీళ్లలోకి దిగుతుంది, వాటిని సింకులో పారబోస్తాం.

అపోహ: ఎన్ని విజిల్స్ వస్తే అంత బాగా ఉడుకుతుంది.

అన్నిటికన్నా ఎక్కువ గ్యాస్ పోయేది ఇక్కడే. విజిల్ వచ్చిందంటే లోపల ఒత్తిడి నిండింది, ఎక్కువైన ఆవిరి బయటికి పోతోందని అర్థం. మామూలు వెయిట్ ఉన్న కుక్కర్‌లో వేడి 120 డిగ్రీల దగ్గర నిలబడుతుంది. మంట ఎంత పెంచినా అది పెరగదు, పోయే ఆవిరి మాత్రం పెరుగుతుంది. చల్లటి నీళ్లని మరిగించడానికి పట్టే వేడికి ఏడు రెట్లు పెడితేగాని ఆ మరిగే నీళ్లు ఆవిరి కావు. లీటరు నీళ్లు అలా ఆవిరైతే 70 గ్రాముల గ్యాస్ గాల్లో కలిసినట్టే. కాబట్టి మొదటి విజిల్ రాగానే సిమ్‌లో పెట్టండి, చిన్న బర్నర్ మీదకి మారిస్తే ఇంకా మంచిది. రెండుగా కోసిన మధ్యరకం దుంపలకి ఐదారు నిమిషాలు, నిండు దుంపలకి పది నిమిషాలు చాలు. మీ కుక్కర్‌ని బట్టి ఒకటి రెండు నిమిషాలు అటూ ఇటూ అవుతుంది. కట్టేశాక వెయిట్ ఎత్తకండి, పైన చన్నీళ్లు పోయకండి. ఒత్తిడి దానంతటది దిగేలోపు మిగతా ఉడుకు పైసా ఖర్చు లేకుండా పూర్తవుతుంది.

మూత పక్కనుంచి ఆవిరి కారుతుంటే గ్యాస్కెట్ మార్చండి. ఆ రబ్బరు ఖరీదు ఎంతని!

అపోహ: ఉప్పు వేస్తే నీళ్లు తొందరగా మరుగుతాయి.

రుచికి వేయండి, అంతే. లీటరు నీళ్లకి 50 గ్రాములకి పైగా ఉప్పు వేస్తేగాని మరిగే వేడి ఒక్క డిగ్రీ మారదు.

అపోహ: ముక్కలు, టమాటా, చింతపండు అన్నీ ఒకేసారి వేస్తే గ్యాస్ కలిసొస్తుంది.

ఇది నాకు బాగా పట్టింపు ఉన్న విషయం. పులుపు తగిలితే దుంప మెత్తబడదు. ముక్కని పట్టి ఉంచే పెక్టిన్ పులుపులో త్వరగా కరగదు. పులుసులో పచ్చిముక్కలు వేసి చూడండి. ఎంతసేపు తెర్లినా ముక్క అంచులు కత్తితో కోసినట్టే నిలబడతాయి, గరిటె అంచుతో నొక్కితే లోపల గట్టిగా తగులుతుంది. ముందు ఉత్తి నీళ్లలో, మూత పెట్టి, గరిటెతో నొక్కితే తెగేదాకా ఉడకనివ్వండి. ఆ తర్వాతే పులుసు పోయండి. మన పెద్దవాళ్లు "ముక్క ఉడికాకే పులుపు" అనేది ఇందుకే. వంటసోడా వేస్తే త్వరగా మెత్తబడే మాట నిజమే గానీ రుచి చెడుతుంది, నేనైతే వేయనివ్వను.

అపోహ: వేపుడుకి మూత పెడితే ముద్దవుతుంది.

మొదట్లో పెట్టాలి, చివర్లో తీయాలి. సన్నమంట మీద మూత పెట్టి ముక్క ఉడికేదాకా ఉంచి, తర్వాత మూత తీసి మంట పెంచితే ఎర్రగా వేగుతుంది. మొదటినుంచీ మూత లేకుండా వేయిస్తే పైన మాడుతుంది, లోపల పచ్చిగా ఉంటుంది. కడిగిన ముక్కల్ని గుడ్డ మీద ఆరబెట్టి వేయండి. లేదంటే నూనె వేడంతా ఆ తడి ఆర్చడానికే సరిపోతుంది. ముక్క మందం సగానికి తగ్గితే లోపలికి వేడి చేరే సమయం ఇంచుమించు పావువంతు అవుతుంది. వేపుడుకి వాడే పచ్చి దుంపల్ని ఫ్రిజ్‌లో దాచకండి. చలికి పిండి చక్కెరగా మారి, ఉడికేలోపే నల్లబడతాయి.

అపోహ: ఇండక్షన్ అయితే కరెంటు బిల్లు పేలిపోతుంది.

మీ బిల్లు చూసి చెప్పాలి. కిలో గ్యాస్ చేసే పనికి ఇండక్షన్ మీద సుమారు 10 యూనిట్లు పడుతుంది. సిలిండర్ ధరని 14.2తో భాగిస్తే కిలో గ్యాస్ ధర వస్తుంది. మీరు కడుతున్న చివరి స్లాబ్ యూనిట్ రేటుని 10తో హెచ్చవేసి పోల్చండి. అదనంగా వాడే యూనిట్లు పడేది ఆ పై స్లాబ్‌లోనే, అందుకే సగటు రేటు తీసుకోవద్దు. ఒకటి రెండు దుంపలే కావాలంటే మైక్రోవేవ్ చాలు, ఫోర్కుతో నాలుగు గాట్లు పెట్టి లోపల పెట్టండి. కిలో ఉడకాలంటే మాత్రం కుక్కరే.

అపోహ: ఆకుపచ్చబారిన దుంపలు చవగ్గా వస్తాయి, ఉడికిస్తే దోషం పోతుంది.

పోదు. అందులోని సొలనిన్ అనే విషపదార్థం మన వంట వేడికి విరగదు. కొంచెం పచ్చదనమే అయితే ఆ మేర లోతుగా చెక్కి తీసేయండి. ఎక్కువ ఉంటే, చేదుగా తగిలితే పారేయండి.