డిస్క్ గోల్ఫ్ బ్యాక్‌హ్యాండ్ త్రో: అపోహలు – వాస్తవాలు

డాలస్ దగ్గర మా ఇంటి పక్క పార్కులో డిస్క్ గోల్ఫ్ కోర్సు ఉంది. బంతికి బదులు ప్లాస్టిక్ డిస్క్‌ను విసిరి, వీలైనన్ని తక్కువ త్రోల్లో బాస్కెట్‌లో పడేసే ఆట ఇది. అమెరికాలో ఇలాంటివి చాలావరకు పబ్లిక్ పార్కుల్లోనే ఉంటాయి, ఆడటానికి డబ్బు కట్టక్కర్లేదు. ఏడేళ్లుగా ఆడుతున్నాను, మూడేళ్లుగా శనివారం పొద్దున్నే కొత్తవాళ్లకు నేర్పుతున్నాను. వాళ్లలో క్రికెట్ ఆడి పెరిగిన మన తెలుగువాళ్లు బాగానే ఉంటారు. దాదాపు అందరిదీ ఇవే నమ్మకాలు. చేతిని ఛాతీకి అడ్డంగా వెనక్కి చాచి, ముందుకు లాగి డిస్క్‌ను వదిలేదే బ్యాక్‌హ్యాండ్. నేను చెప్పేదంతా కుడిచేత్తో వేసేవాళ్లకు. ఎడమచేతివాళ్లు కుడి ఎడమలు మార్చుకోండి.

అపోహ: చేతిలో బలం ఉంటే డిస్క్ దూరం పోతుంది.

వాస్తవం: దూరం వేయడానికి వాడే డ్రైవర్ డిస్క్ బరువు మహా అయితే సుమారు 175 గ్రాములు. దానికి కావలసింది కండ కాదు, వదిలే క్షణంలో వేగం. తడి తుండుగుడ్డను విదిలించి చూడండి. చెయ్యి బిగబట్టి ఊపితే గుడ్డ ఊరికే ఊగుతుంది. చెయ్యి వదులుగా ఉంచి ఊపు మధ్యలో ఠక్కున ఆపితే కొస ఫట్‌మంటుంది. బ్యాక్‌హ్యాండ్ కూడా అంతే. ముందు పాదం నేలమీద గట్టిగా ఆనగానే నడుము తిరుగుతుంది. దాని వెంట భుజం, తర్వాత మోచేయి, అన్నిటికంటే ఆఖరున మణికట్టు. చెయ్యి తొందరపడి ముందే లాగేస్తే నడుము నుంచి వచ్చే ఊపు వృథా అవుతుంది. మణికట్టును కావాలని ఆడించక్కర్లేదు. వదులుగా ఉంచితే అదే తెరుచుకుంటుంది.

అపోహ: దూరం కావాలంటే డ్రైవర్ కొనాలి.

వాస్తవం: చాలా డిస్కుల మీద నాలుగు అంకెలుంటాయి. మొదటిది స్పీడ్. స్పీడ్ 12 డ్రైవర్‌ను తగినంత వేగంగా వేయకపోతే కాస్త దూరానికే ఎడమకు తిరిగి కింద పడుతుంది. మధ్య దూరాలకు వాడే స్పీడ్ 5 మిడ్‌రేంజ్ డిస్క్ అదే చేతికి తిన్నగా, ఎక్కువ దూరం పోతుంది. కొత్తలో నా మిడ్‌రేంజ్ డిస్క్, డ్రైవర్ కంటే ముప్పై అడుగులు ఎక్కువ పోయేది. అమెరికా ఆటగాడు డేవిడ్ విగ్గిన్స్ జూనియర్ 2016లో నెలకొల్పిన 338 మీటర్ల దూరం రికార్డు చూపించి మనకెంత రావాలని అడుగుతుంటారు. అది నెవడా ఎడారిలో గాలి సాయంతో వేసిన త్రో. చెట్ల మధ్య ఆడేవాళ్లు దాంతో పోల్చుకోవద్దు.

అపోహ: డిస్క్ పైకి లేవాలంటే ముందంచు పైకెత్తి వేయాలి.

వాస్తవం: నేను అన్నిటికంటే ఎక్కువసార్లు సరిదిద్దేది ఈ తప్పునే. బాస్కెట్ వైపు ఉండే అంచును ముక్కు అంటాం. అది పైకి లేస్తే గాలి డిస్క్ అడుగుభాగానికి కొడుతుంది. డిస్క్ అమాంతం పైకెక్కి, వేగం పోగొట్టుకుని, ఎడమకు జారి పడుతుంది. ఎంత గట్టిగా విసిరితే అంత ఎత్తుకెళ్లి అక్కడే ఆగిపోతుంది. అది చూసి బలం చాలలేదనుకుని ఇంకా గట్టిగా వేస్తారు. నేనూ మొదటి ఏడాదంతా ఇలాగే గడిపాను.

డిస్క్ వెళ్లే దారిని పైకి పెట్టొచ్చు. ముక్కు మాత్రం ఆ దారిని దాటి పైకి లేవకూడదు. పట్టు దగ్గరే ఇది సగం కుదురుతుంది. బొటనవేలిని డిస్క్ పైభాగం మీద గట్టిగా ఆనించండి. జగ్గు పట్టుకుని గ్లాసులోకి నీళ్లు ఒంపేటప్పుడు మణికట్టు ఎలా కిందికి వాలుతుందో, డిస్క్ పట్టుకున్నప్పుడూ అలాగే వాలాలి. మిగతా సగం ఒంట్లో ఉంది. పైకి వేయాలనే ఆలోచనతో చాలామంది వెనక కాలి మీదికి వాలిపోతారు. దాంతో భుజంతోపాటు ముక్కూ లేస్తుంది. వదిలే సమయానికి బరువు ముందు కాలి మీదికి వచ్చేయాలి.

అపోహ: పరుగెత్తుకొచ్చి వేస్తే ఎక్కువ దూరం.

వాస్తవం: పేస్ బౌలింగ్ చేసినవాళ్లకు ఈ అలవాటు ఎక్కువ. వాళ్లను బౌలింగ్ మర్చిపోయి బ్యాటింగ్ గుర్తు తెచ్చుకోమంటాను. కుడిచేతి బ్యాక్‌హ్యాండ్‌లో కుడి భుజం బాస్కెట్ వైపు ఉంటుంది, అంటే ఎడమచేతి బ్యాటర్ నిలబడే తీరు. గంగూలీ కవర్ డ్రైవ్ గుర్తుందా? ముందు పాదం పడుతుంది, బరువు దాని మీదికి వస్తుంది, ఆ తర్వాతే బ్యాట్. అడుగులు వేగంగా పడితే పాదం ఆనకముందే చెయ్యి వచ్చేస్తుంది. అందుకే మొదటి నెల నా దగ్గర ఎవరూ అడుగు కదపరు, నిలబడే వేస్తారు. దూరంలో ఎక్కువ భాగం దాంతోనే వస్తుంది.

అపోహ: చెయ్యి ఎంత వెనక్కి తిప్పితే అంత మంచిది.

వాస్తవం: వెనక్కి చాచండి, కానీ ఒంటి చుట్టూ తిప్పొద్దు. డిస్క్ ఛాతీ ముందు నుంచి తిన్నగా రావాలి. పెద్ద బిందెను వాటేసుకున్నట్టు చేతికీ ఛాతీకీ మధ్య ఖాళీ ఉండాలి. ఆ ఖాళీ మూసుకుపోతే డిస్క్ చేతిని ఆలస్యంగా వదిలి కుడివైపు చెట్లలోకి పోతుంది.

అపోహ: మోచేయి నొప్పి మామూలే.

వాస్తవం: కాదు. చెయ్యి ఒక్కదాంతోనే లాగుతున్నప్పుడు ఇది తరచుగా వస్తుంది. నొప్పి మొదలైతే ఆ రోజుకు ఆపేయండి, తగ్గకపోతే డాక్టర్‌కు చూపించండి. తగ్గాక ఫోన్‌ను పక్కన స్టాండ్ మీద పెట్టి, పటర్‌తో (బాస్కెట్ దగ్గర్నుంచి వేసే డిస్క్) పది త్రోలు స్లో మోషన్‌లో తీసుకోండి. వీడియోలో ఒక్కటే చూడండి: ముందు పాదం ఆనేసరికి డిస్క్ ఇంకా వెనకే ఉందా, అప్పటికే ఛాతీ దాటిపోయిందా?