ఎరుపు తగ్గించిన చుక్కల మందు: ఎండాకాలపు కళ్ళ గురించి అపోహలు - వాస్తవాలు

ఎండలు ముదిరి గాలిలో తేమ తగ్గే రోజుల్లో నా వద్దకు వచ్చేవారిలో చాలామంది, కళ్ళు చూపించుకోవడానికి ముందే ఒక చుక్కల మందు సీసా తీసి బల్లమీద పెడతారు. "పోయినేడాది ఇదే వేశామండీ, రెండు రోజుల్లో ఎరుపు పోయింది, మళ్ళీ ఇదే వాడవచ్చు కదా?" అని అడుగుతారు. ఆ సీసా మీది పేరు చదివినప్పుడు కలిగినంత భయం నాకు ఎండను చూసి ఎన్నడూ కలగలేదు.

అపోహ: మంటనూ ఎరుపునూ త్వరగా తగ్గించిన మందు మంచి మందు, పాత చీటీ ఉంటే ఎన్నిసార్లయినా తెచ్చి వేసుకోవచ్చు.

వాస్తవం: అంత త్వరగా గుణం కనిపించిందంటే అందులో తరచుగా స్టెరాయిడ్ ఉంటుంది. డెక్సామెథసోన్, బెటామెథసోన్, ప్రెడ్నిసొలోన్ వంటి పేర్లు సీసా మీద చిన్న అక్షరాల్లో ఉంటాయి. పక్కనే యాంటీబయాటిక్ పేరు కూడా ఉండడంతో చాలామంది దాన్ని మామూలు యాంటీబయాటిక్ చుక్కలే అనుకుంటారు. స్టెరాయిడ్‌ను నేనూ రాస్తాను, కాని ఏ రోజున ఆపాలో కూడా రాస్తాను, మధ్యలో కంటి పీడనం కొలుస్తాను. పర్యవేక్షణ లేకుండా వారాల తరబడి వేస్తే, కంటిలో ఊరే ద్రవం బయటికి పోయే దారి బిగుసుకుని, సాధారణంగా పాదరసం కొలతలో 10 నుంచి 21 మిల్లీమీటర్ల మధ్య ఉండవలసిన పీడనం పెరుగుతుంది. అందరికీ ఇలా జరగదు, కాని సుమారు ముగ్గురిలో ఒకరికి ఎంతో కొంత పెరుగుతుంది. పిల్లల్లో మరింత త్వరగా పెరగవచ్చు. నొప్పి తెలియదు. చూపు అంచుల నుంచి తరిగిపోతూ వస్తుంది కనుక, ఎదురుగా ఉన్న అక్షరాలు చాలాకాలం బాగానే కనిపిస్తాయి. స్టెరాయిడ్ వల్ల వచ్చే శుక్లాన్ని శస్త్రచికిత్సతో తీసివేయగలం, కాని ఇలా పీడనం పెరిగి వచ్చే నీటికాసుల (గ్లాకోమా) వల్ల దెబ్బతిన్న కంటి నరాన్ని తిరిగి తెచ్చే మందు నేటికీ లేదు.

కొన్నేళ్ళ కిందట పదకొండేళ్ళ అబ్బాయిని తీసుకువచ్చారు. వేడి, పొడి గాలులు మొదలైతే చాలు, వాడికి కళ్ళ దురద. మొదటిసారి ఎవరో రాసిన చుక్కలనే తల్లి మూడు ఎండాకాలాలు క్రమం తప్పకుండా వేసింది. దురద పూర్తిగా పోయింది. పక్కనుంచి వచ్చే సైకిల్ కనబడడం లేదని, గుమ్మాలకు భుజం తగులుతోందని వచ్చారు. పీడనం రెండు కళ్ళలోనూ 40 దాటి ఉంది. "కంటి మందే కదా సార్ వేశాను" అని ఆ తల్లి అన్న మాటకు నా దగ్గర సమాధానం లేకపోయింది. ఆమె చేసింది నిర్లక్ష్యం కాదు. ఆపమని ఆమెకు ఎవరూ చెప్పలేదు.

నిమిషాల్లో ఎరుపు పోగొట్టే నాఫజోలిన్ వంటి చుక్కలు మరో రకం. అవి రక్తనాళాలను ముడుచుకునేలా చేస్తాయి తప్ప పొడిదనాన్ని తగ్గించవు. రోజుల తరబడి వాడితే, మందు ప్రభావం దిగగానే ఎరుపు మునుపటికంటే ఎక్కువగా తిరిగి వస్తుంది. పొడిదనానికి కావలసినవి కార్బాక్సీమిథైల్ సెల్యులోజ్ వంటి కృత్రిమ కన్నీళ్ళు. రోజుకు నాలుగుసార్లకు మించి అవసరమైతే ప్రిజర్వేటివ్ (మందు చెడకుండా కలిపే రసాయనం) లేనివి అడగండి. ఒక్క చుక్క చాలు, రెండోది చెంప మీదికే పోతుంది. దురదకు చల్లటి తడిగుడ్డ పెట్టండి, కళ్ళను మాత్రం నలపకండి.

"నా కళ్ళు పొడిబారడమేమిటి, ఎప్పుడూ నీళ్ళే కారుతుంటే?" అని నమ్మలేనట్టు చూసేవారున్నారు. కన్నీటిపొర పైభాగంలో, రెప్పల అంచు గ్రంథుల నుంచి వచ్చే పలుచని నూనెపొర ఉంటుంది. అది సరిగా లేనప్పుడు పొడి గాలికి తేమ ఆవిరైపోతుంది. ఆ మంటకు ప్రతిచర్యగా కన్ను ఒక్కసారిగా నీళ్ళు కారుస్తుంది, కాని ఆ నీళ్ళు నిలవవు. ఫ్యాను గాని ఏసీ గాని సూటిగా ముఖానికి తగలకుండా చూసుకోవడం, తెర ముందు కూర్చున్నప్పుడు తలచుకుని రెప్పలార్పడం ఇక్కడ పనికివస్తాయి. మాటిమాటికీ కళ్ళలోకి నీళ్ళు చల్లుకుంటే ఉన్న పొర కూడా కడుక్కుపోతుంది.

ఇక నల్లద్దాల సంగతి. రంగు ఎంత చిక్కనిదన్నది ముఖ్యం కాదు, 400 నానోమీటర్ల వరకు అతినీలలోహిత కిరణాలను ఆపుతున్నాయా లేదా అన్నదే ముఖ్యం. కళ్ళకలక వచ్చినవారిని చూస్తేనే అంటుకుంటుందన్న పుకారుకు ఇంకా జవాబు చెప్పవలసి రావడం విసుగు పుట్టిస్తుంది. అది చేతుల ద్వారా, తువ్వాళ్ళ ద్వారా వ్యాపిస్తుంది, చూపుల ద్వారా కాదు.

నొప్పి ఉన్నా, వెలుతురు చూడలేకపోయినా, చూపు మసకబారినా, కాంటాక్ట్ లెన్సు పెట్టుకునేవారికి కన్ను ఎర్రబడినా అది ఎండ ప్రభావమని ఆగకుండా ఆ రోజే చూపించుకోండి. వచ్చేటప్పుడు ఇంట్లో ఉన్న చుక్కల సీసాలన్నీ, ఖాళీవి కూడా, తెచ్చి ఎన్ని నెలలు వేశారో దాచకుండా చెప్పండి. తిడతానేమోనని కొందరు వాటిని సంచిలోనే ఉంచేస్తారు, కాని పీడనం ముందుగా కొలవాలా వద్దా అన్నది నాకు తెలిసేది ఆ సీసాలను బట్టే.