మైనస్ నాలుగు అంటే ఏ ఊరు?

2024-11-03 01:30:00. ఏదో డేటా ఫైల్‌లో ఇలా కనబడితే ఎవరికీ అనుమానం రాదు. సంవత్సరం నుంచి సెకను దాకా అన్నీ ఉన్నాయి మరి. కానీ ఆ రాత్రి న్యూయార్క్‌లో ఒంటిగంటన్నర రెండుసార్లు అయింది. డేలైట్ సేవింగ్, అంటే వేసవిలో గడియారాలను గంట ముందుకు జరిపే పద్ధతి, ముగియడంతో రెండు కావాల్సిన చోట గడియారాలు మళ్లీ ఒంటిగంటకు వచ్చాయి. అదే ఏడాది మార్చి 10న అయితే అక్కడ తెల్లవారుజామున రెండున్నర అన్నదే లేదు. 1:59 దాటగానే 3:00.

అందుకే సమయం పక్కన యూటీసీకి, అంటే ప్రపంచమంతా ఆధారంగా తీసుకునే సమయానికి, ఎంత తేడానో కూడా రాస్తారు. దీన్నే ఆఫ్‌సెట్ అంటారు. 01:30:00-04:00 అంటే మొదట వచ్చిన ఒంటిగంటన్నర, 01:30:00-05:00 అంటే గంట తర్వాత వచ్చినది. తేదీలు, సమయాలు రాయడానికి 1988లో వచ్చిన అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 8601లోనూ, ఇంటర్నెట్ వాడకానికి 2002లో వచ్చిన ప్రమాణ పత్రం ఆర్‌ఎఫ్‌సీ 3339లోనూ ఉన్న పద్ధతి ఇదే. ఏడాది ముందు, రోజు వెనక రాయడం వల్ల మామూలు అక్షర క్రమంలో పేర్చినా తేదీలు వరసలో పడతాయి. అయితే అన్నిటికీ ఆఫ్‌సెట్ ఒకటే అయితేనే సుమా! ఈ షరతును చాలామంది మర్చిపోతారు.

ప్రోగ్రాములు ఒకదానికొకటి డేటా పంపుకోవడానికి వాడే జేసన్ ఫార్మాట్‌లో తేదీకంటూ ప్రత్యేకమైన రకమే లేదు. దాంతో ఎవరికి తోచినట్టు వాళ్లు పంపుతారు. ఒకరు 1970 జనవరి 1 నుంచి లెక్కపెట్టిన సెకన్లు, ఇంకొకరు మిల్లీసెకన్లు. ఈ కాలపు తేదీకి సెకన్లయితే పది అంకెలు, మిల్లీసెకన్లయితే పదమూడు. మిల్లీసెకన్లను సెకన్లనుకుని చదివితే తేదీ యాభై వేల ఏళ్ల అవతలికి పోతుంది. సెకన్లను మిల్లీసెకన్లనుకుంటే 1970 జనవరిలో పడుతుంది. స్క్రీన్ మీద ఉన్నట్టుండి 1970 కనిపించిందంటే ముందు అనుమానించాల్సింది దీన్నే.

ఇవన్నీ దొరికిపోయే తప్పులే. అసలు చిక్కు ఆఫ్‌సెట్‌నే టైమ్ జోన్, అంటే ఒక ప్రాంతపు గడియార నిబంధనలు, అనుకోవడంలో ఉంది. -04:00 అని ఉంటే అది వేసవిలో న్యూయార్క్ కావచ్చు, ఏడాది పొడవునా ప్యూర్టోరికో కావచ్చు, బొలీవియా కావచ్చు. జరిగిపోయిన సంగతికి ఆ తేడా తెలిస్తే చాలు, క్షణం ఖాయమైపోయింది. జరగబోయేదానికి మాత్రం చాలదు.

2023 మార్చిలో లెబనాన్‌లో ఏం జరిగిందో చూడండి. నెలాఖరులో గడియారాలు గంట ముందుకు జరగాలి. తీరా కొద్ది రోజుల ముందు ప్రభుత్వం దాన్ని ఏప్రిల్‌కు వాయిదా వేసింది. కొన్ని సంస్థలు ఒప్పుకోలేదు, పాత షెడ్యూలు ప్రకారమే గడియారాలు మార్చుకున్నాయి. ఒకే దేశంలో రెండు సమయాలు! చివరికి ప్రభుత్వమే వెనక్కి తగ్గింది. మార్చి 27 ఉదయం పదింటికి బీరూట్‌లో ఒక మీటింగ్ ఉందనుకుందాం. ఫిబ్రవరిలోనే, అప్పటి షెడ్యూలు ప్రకారం దాన్ని 10:00+03:00 అని భద్రపరిచి ఉంటే, ఆ రోజు అధికారిక గడియారం +02:00లోనే ఉంది కాబట్టి క్యాలెండర్ తొమ్మిదింటికే పిలుస్తుంది. తప్పు ప్రోగ్రామర్‌ది కాదనిపిస్తుంది గానీ, నా లెక్కలో అతనిదే. మీటింగ్ పెట్టినవాళ్లు చెప్పింది "బీరూట్‌లో పదింటికి" అని. ప్లస్ మూడు అని ఎవరూ అనలేదు.

ఇలాంటి చోట స్థానిక సమయంతో పాటు జోన్ పేరు దాచాలి, ఆసియా/బీరూట్ అన్నట్టు. ఏ పేరుకు ఎప్పుడు ఎంత ఆఫ్‌సెట్ అన్నది ఇంటర్నెట్ పేర్లు, నంబర్ల వ్యవహారాలు చూసే ఐయానా వారి టైమ్ జోన్ డేటాబేస్ చూసుకుంటుంది. దేశాలు నిబంధనలు మార్చినప్పుడల్లా దాన్ని సవరిస్తారు. 2024లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 9557 ప్రకారం టైమ్‌స్టాంప్ (ఇలా రాసిన తేదీ, సమయం) చివర చదరపు బ్రాకెట్లలో ఈ పేరు చేర్చవచ్చు. పేరుకు ముందు ఆశ్చర్యార్థకం పెడితే, చదివే ప్రోగ్రాం దాన్ని చూసీచూడనట్టు వదిలేయకూడదు.

పుట్టినరోజుకు ఇవేవీ అక్కర్లేదు, వట్టి తేదీ చాలు. దానికి అర్ధరాత్రి, యూటీసీ తగిలిస్తే అమెరికాలో చూసేవాళ్లకు ఒక రోజు ముందే వచ్చేస్తుంది. ప్రోగ్రాముల సెట్టింగులు రాసుకునే టామల్ అనే ఫార్మాట్‌లో వట్టి తేదీ, వట్టి సమయం, ఆఫ్‌సెట్ లేని తేదీ-సమయం, ఆఫ్‌సెట్ ఉన్నది అని నాలుగు వేర్వేరు రకాలున్నాయి. జేసన్ వాడేవాళ్లు ఆ విభజనను తమ డాక్యుమెంటేషన్‌లోనైనా రాసిపెట్టుకోవాలి.