కొత్తగా వచ్చిన వైడ్ రిసీవర్ జట్టుకు ఏమి తెస్తాడు: అపోహలు - వాస్తవాలు

నేను టెక్సాస్‌లో, డాలస్ శివార్లలోని ఒక హైస్కూలు ఫుట్‌బాల్ జట్టులో రిసీవర్లకు శిక్షణ ఇస్తాను. సాయంత్రాలు మైదానంలోనూ, రాత్రులు ఆటల వీడియోల ముందూ గడుస్తాయి. ఏటా మార్చిలో అమెరికా ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ లీగ్ అయిన ఎన్‌ఎఫ్‌ఎల్ జట్లు కొత్త ఆటగాళ్లతో ఒప్పందాలు కుదుర్చుకోవడం మొదలుపెట్టగానే, ఇర్వింగ్‌లోనూ ఫ్రిస్కోలోనూ ఉండే తెలుగు మిత్రులు నన్ను తప్పకుండా అడిగే ప్రశ్న ఒకటుంది: "ఈ రిసీవర్ వచ్చాడు కదండీ, ఇక మన జట్టు బాగుపడినట్టేనా?" ఆ ప్రశ్న వెనుక సాధారణంగా కొన్ని నమ్మకాలు ఉంటాయి. వాటిలో కొన్ని సగం నిజాలు, కొన్ని పూర్తిగా పొరపాట్లు. వాటి గురించే ఈ వ్యాసం.

అమెరికన్ ఫుట్‌బాల్‌ను ఇప్పుడిప్పుడే చూస్తున్నవారి కోసం రెండు మాటలు. పక్కకు 53 గజాలకు కాస్త పైగా వెడల్పున్న మైదానంలో, మిగిలిన ఆటగాళ్లకు దూరంగా అంచున నిలబడి, ముందుగా అనుకున్న దారిలో పరుగెత్తి, క్వార్టర్‌బ్యాక్ విసిరిన బంతిని పట్టేవాడు వైడ్ రిసీవర్. ఆ అనుకున్న దారినే రూట్ అంటాం. అంచుకు బదులు కొంచెం లోపలగా, లైన్‌కు (క్వార్టర్‌బ్యాక్‌ను కాపాడే బరువైన ఆటగాళ్ల వరుసకు) దగ్గరగా నిలబడితే ఆ చోటును స్లాట్ అంటాం.

అపోహ: ఎక్కువ డబ్బు పెట్టి తెచ్చుకున్న రిసీవర్ ఏ జట్టులోనైనా అదే స్థాయిలో ఆడతాడు.

వాస్తవం: ఒకే ధర పలికిన ఇద్దరు రిసీవర్ల కథ చూస్తే ఈ నమ్మకం నిలవదు. 2021 మార్చిలో న్యూయార్క్ జెయింట్స్ జట్టు కెన్నీ గాలడేతో నాలుగేళ్లకు 7.2 కోట్ల డాలర్ల ఒప్పందం చేసుకుంది. అతడు సామాన్యుడు కాడు. డెట్రాయిట్ లయన్స్ తరఫున 2018లోనూ 2019లోనూ పట్టిన బంతులతో జట్టును ముందుకు నడిపిన దూరంలో వెయ్యి గజాలు దాటాడు, 2019లో 11 టచ్‌డౌన్ క్యాచ్‌లతో (ప్రత్యర్థి చివరి గీత దాటి పాయింట్లు తెచ్చే క్యాచ్‌లతో) లీగ్ మొత్తానికి మొదటి స్థానంలో నిలిచాడు. జెయింట్స్ తరఫున తొలి ఏడాది అతడు 37 బంతులు పట్టి 521 గజాలు సాధించాడు, ఒక్క టచ్‌డౌన్ కూడా చేయలేదు. రెండో ఏడాది పట్టినవి ఆరే బంతులు. 2023 మార్చిలో జట్టు అతడిని విడిచిపెట్టింది.

సరిగ్గా ఒక సంవత్సరం తరువాత, 2022 మార్చిలో, జాక్సన్‌విల్ జాగ్వార్స్ జట్టు అరిజోనా నుంచి క్రిస్టియన్ కర్క్‌ను అదే నాలుగేళ్లకు, అదే 7.2 కోట్ల డాలర్లకు తెచ్చుకుంది. అప్పటికి కర్క్ ఒక్క సీజన్‌లోనూ వెయ్యి గజాలు చూడలేదు, అతడి అత్యుత్తమ లెక్క 982. అందుకే ఆ ధర విని చాలామంది నవ్వారు. ఆ ఏడాది కర్క్ 84 క్యాచ్‌లు, 1,108 గజాలు, 8 టచ్‌డౌన్లు సాధించాడు. అంతకు ముందు ఏడాది 3 గెలుపులు, 14 ఓటములతో అడుగున ఉన్న జట్టు 9 గెలుపులతో తన డివిజన్‌లో, అంటే నాలుగు జట్ల ఉపవిభాగంలో, మొదటి స్థానం గెలుచుకుంది.

ఈ తేడాకు కారణం ఇద్దరి ప్రతిభలో ఎక్కువ తక్కువలని నేను అనుకోవడం లేదు. గాలడే బలం అతడి ఎత్తు, చేతులు. తనను అడ్డుకునే డిఫెండర్ పక్కనే అంటిపెట్టుకుని ఉన్నా, ఎత్తుగా వచ్చిన బంతిని ఆ డిఫెండర్ తల మీదుగా అందుకోగలడు. అలాంటివాడి విలువ బయటపడాలంటే, దూరపు రూట్ పూర్తయ్యేంతసేపు క్వార్టర్‌బ్యాక్‌ను కాపాడే లైన్ ఉండాలి, రిసీవర్ ఖాళీగా లేకపోయినా నమ్మి బంతి వేసే క్వార్టర్‌బ్యాక్ ఉండాలి. ఆ ఏడాది జెయింట్స్ లైన్ బలహీనంగా ఉంది, క్వార్టర్‌బ్యాక్ డేనియల్ జోన్స్ మెడ గాయంతో చివరి ఆరు ఆటలు ఆడలేదు, ఆఫెన్స్‌ను (బంతితో దాడి చేసే పక్షాన్ని) నడిపే కోచ్‌ను నవంబరులోనే తొలగించారు. కర్క్ బలం వేరు. స్లాట్‌లో నిలబడి, ఆట మొదలైన క్షణాల్లోనే మలుపు తిరిగి ఖాళీ చోటుకు చేరుకుంటాడు. రెండో ఏడాదిలో ఉన్న క్వార్టర్‌బ్యాక్ ట్రెవర్ లారెన్స్‌కు కావలసింది సరిగ్గా అదే. లారెన్స్ తొలి ఏడాది 12 టచ్‌డౌన్లు వేసి 17 బంతులు ప్రత్యర్థులకు అప్పగించాడు, రెండో ఏడాది 25 టచ్‌డౌన్లు వేసి 8 మాత్రమే అప్పగించాడు. ఈ మార్పంతా కర్క్ వల్లనే వచ్చిందంటే అది అన్యాయమైన లెక్క అవుతుంది. డగ్ పీడర్సన్ కొత్త ప్రధాన కోచ్‌గా వచ్చాడు, జే జోన్స్, ఎవాన్ ఎంగ్రమ్ కూడా అదే వేసవికి ముందు చేరారు. అయినా, తెచ్చుకున్న ఆటగాడి ఆటకూ తెచ్చుకున్న జట్టు అవసరానికీ పొత్తు కుదిరిందన్నది మాత్రం వీడియోలో ప్రతి వారం కనిపించింది.

అపోహ: బంతి పట్టకపోతే ఆ రోజు రిసీవర్ ఏమీ చేయనట్టే.

వాస్తవం: నాకు అన్నిటికంటే ఎక్కువ బాధ కలిగించే అపోహ ఇది, ఎందుకంటే నా దగ్గర ఆడే పిల్లల తల్లిదండ్రులు కూడా క్యాచ్‌ల సంఖ్య చూసే పిల్లవాడి ఆటను అంచనా వేస్తారు. ఎన్‌ఎఫ్‌ఎల్‌లో ఒక జట్టు ఆఫెన్స్ ఒక ఆటలో అరవైకి అటూఇటూగా ప్లేలు (బంతి కదలడం మొదలైనప్పటి నుంచి ఆగేదాకా సాగే ఒక్కో ప్రయత్నం) ఆడుతుంది. పేరున్న రిసీవర్‌కు కూడా వాటిలో బంతి వచ్చేది ఎనిమిది, పది సార్లు. మిగిలిన యాభై ప్లేలలో అతడు డిఫెన్స్‌ను ఏం చేస్తున్నాడన్నదే అసలు లెక్క.

క్రికెట్ చూసేవారికి ఇది సులువుగా అర్థమవుతుంది. భారీ షాట్లు కొట్టే బ్యాటర్ క్రీజులోకి రాగానే, అతడు ఒక్క బంతి ఆడకముందే కెప్టెన్ ఫీల్డర్లను బౌండరీకి పంపుతాడు, దాంతో లోపల సింగిల్స్ దొరుకుతాయి. ఫుట్‌బాల్‌లో ఆ ఫీల్డర్ పేరు సేఫ్టీ. డిఫెన్స్‌లో అందరికంటే వెనుక నిలబడే ఆటగాడు అతడు. దూరం నుంచి ప్రమాదం లేదనుకుంటే ముందుకొచ్చి, బంతిని చేతబట్టుకుని పరుగెత్తేవాడిని ఆపడానికి సాయపడతాడు. కొత్తగా వచ్చిన రిసీవర్ ఒక్కడే తనకు ఎదురుగా కాపుకాసే కార్నర్‌బ్యాక్‌ను దాటి పోగలడని తెలిస్తే, ఆ సేఫ్టీ అతడి వైపు జరగక తప్పదు. అతడు జరిగిన చోటు ఖాళీ అవుతుంది, ఆ ఖాళీలో ఇంకొకరు బాగుపడతారు.

2007లో ర్యాండీ మాస్ న్యూ ఇంగ్లండ్ పేట్రియాట్స్‌లో చేరినప్పుడు జరిగింది ఇదే. అంతకు ముందు ఏడాది ఓక్లాండ్‌లో అతడికి 553 గజాలే వచ్చాయి, వయసు ముప్పై, అందుకని నాలుగో రౌండ్ డ్రాఫ్ట్ ఎంపిక (కాలేజీ ఆటగాళ్లను జట్లు వంతులవారీగా ఎంచుకునే హక్కు) ఒక్కదానికే అతడు దొరికాడు. ఆ సీజన్‌లో అతడు చేసిన 23 టచ్‌డౌన్ క్యాచ్‌లు లీగ్ రికార్డు. అయితే నా పిల్లలకు నేను చూపించేది అతడి పక్కన స్లాట్‌లో ఆడిన వెస్ వెల్కర్ లెక్క. అంతవరకూ ఏ సీజన్‌లోనూ 687 గజాలు మించని వెల్కర్, డిఫెన్స్ కళ్లన్నీ మాస్ మీద ఉండగా, 112 క్యాచ్‌లతో 1,175 గజాలు సాధించాడు. 2022లో ఫిలడెల్ఫియా ఈగల్స్ జట్టు టెనెసీ నుంచి ఏ.జే. బ్రౌన్‌ను తెచ్చుకున్నప్పుడు కూడా అలాగే జరిగింది. బ్రౌన్ 1,496 గజాలతో ఆ జట్టు చరిత్రలోనే రికార్డు సృష్టించాడు, పక్కనున్న డెవాంటా స్మిత్ 916 గజాల నుంచి 1,196 గజాలకు ఎదిగాడు. కొత్త రిసీవర్ వస్తే పాతవాడి అవకాశాలు తగ్గిపోతాయని భయపడేవారు ఈ రెండు ఉదాహరణలనూ గుర్తుంచుకోవాలి.

అపోహ: వేగమే రిసీవర్ విలువ.

వాస్తవం: 40 గజాల పరుగు సమయం ఆటలో వేసుకునే రక్షణ కవచాలు లేకుండా, డిఫెండర్ లేకుండా, తిన్నని గీత మీద కొలిచేది. 2017లో జాన్ రాస్ 4.22 సెకన్లలో పరుగెత్తి అప్పటికి రికార్డు సృష్టించాడు, తొమ్మిదో ఎంపికగా సిన్సినాటి అతడిని తీసుకుంది, ఏ సీజన్‌లోనూ అతడు వెయ్యి గజాలు చేరలేదు. అదే ఏడాది 4.62 సెకన్లు తీసుకున్న కూపర్ కప్ మూడో రౌండ్ వరకూ ఎదురుచూడవలసి వచ్చింది. 2021లో అతడు 145 క్యాచ్‌లు, 1,947 గజాలు, 16 టచ్‌డౌన్లతో మూడు పట్టికల్లోనూ మొదటివాడయ్యాడు, లీగ్ ఫైనల్ అయిన సూపర్ బౌల్‌లో ఉత్తమ ఆటగాడిగానూ ఎంపికయ్యాడు. వేగం అక్కరలేదని నేను అనను. వేగంగా వెళ్తూ రెండడుగుల్లో ఆగగలగడం, ఆగబోతున్నట్టు డిఫెండర్‌కు భుజాల కదలికలో తెలియకుండా ఉండటం, ఈ రెండూ ఉన్నప్పుడే ఆ వేగం పనికొస్తుంది.

అపోహ: బంతి గురి తప్పితే అది క్వార్టర్‌బ్యాక్ లోపం, అందులో రిసీవర్ చేయగలిగేది లేదు.

వాస్తవం: బంతి చాలాసార్లు రిసీవర్ ఇంకా మలుపు తిరగకముందే చేతిని విడుస్తుంది. అతడు అనుకున్న చోటుకు అనుకున్న క్షణంలో చేరితే అది చక్కని పాస్, అర గజం లోతు తగ్గిస్తే అదే బంతి తప్పిపోయిన పాస్‌గా లెక్కకెక్కుతుంది. బఫలో బిల్స్ క్వార్టర్‌బ్యాక్ జాష్ అలెన్ 2019లో వేసిన పాస్‌లలో 58.8 శాతమే చేరాయి. 2020లో మిన్నెసోటా నుంచి స్టెఫాన్ డిగ్స్ వచ్చాడు, ఆ ఏడాది అలెన్ లెక్క 69.2 శాతానికి పెరిగింది, డిగ్స్ 127 క్యాచ్‌లతోనూ 1,535 గజాలతోనూ లీగ్‌కు మొదటివాడయ్యాడు. అలెన్ తన విసురును సరిదిద్దుకోవడానికి చాలా కష్టపడ్డాడు, ఆ శ్రమను తక్కువ చేయకూడదు. కానీ రూట్‌ను గీత గీసినట్టు పరుగెత్తే మనిషి ఎదురుగా ఉంటే, క్వార్టర్‌బ్యాక్ బంతిని ముందే వదలడానికి ధైర్యం చేస్తాడు, సందేహిస్తూ పట్టుకుని కూర్చోడు.

అపోహ: కొత్తవాడు ప్లేబుక్ (జట్టు ప్లేలన్నీ ఉన్న పుస్తకం) నేర్చుకోవడానికే ఒక సీజన్ పడుతుంది.

వాస్తవం: డాలస్‌లో ఉండే మనవాళ్లకు 2018 గుర్తుండే ఉంటుంది. అక్టోబరు చివర్లో, 3 గెలుపులు 4 ఓటములతో ఉన్న కౌబాయ్స్ జట్టు, మరుసటి ఏడాది మొదటి రౌండ్ ఎంపికను ఓక్లాండ్‌కు ఇచ్చి అమారీ కూపర్‌ను తెచ్చుకుంది. ధర మరీ ఎక్కువని అప్పట్లో పెద్ద గోల అయింది. అతడు ఆడిన మొదటి ఆట ఓడిపోయి, తరువాతి ఎనిమిదిలో ఏడు గెలిచి, కౌబాయ్స్ డివిజన్ విజేతలయ్యారు. డిసెంబరులో ఫిలడెల్ఫియా మీద అతడొక్కడే 217 గజాలు, 3 టచ్‌డౌన్లు సాధించాడు. కొత్తవాడికి మొత్తం ప్లేబుక్ అప్పగించి నేర్చుకోమనడం కంటే, అతడు ఎక్కడున్నా చక్కగా పరుగెత్తే నాలుగైదు రూట్‌లను పట్టుకుని, వాటి చుట్టూ వారం వారం ప్లేలు పేర్చడం తెలివైన పద్ధతి. కుటుంబం ఇల్లు మారడంతో సీజన్ మధ్యలో మా జట్టుకు వచ్చిన ఒక పిల్లవాడికి నేను మొదటి రెండు వారాలూ మూడు రూట్‌లే ఇచ్చాను. మలుపు ఎన్నో అడుగులో తిరగాలో, బంతి ఎప్పుడు వస్తుందో మా క్వార్టర్‌బ్యాక్‌తో కలిసి వంద సార్లు చేయించాను. నిజంగా సమయం పట్టేది ఒక్కచోటే: డిఫెన్స్ నిలబడిన తీరు చూసి అప్పటికప్పుడు రూట్ మార్చుకోవలసిన ప్లేలలో, రిసీవర్ చూసిందీ క్వార్టర్‌బ్యాక్ చూసిందీ ఒకటే కావాలి. ఆ పొందిక నెలల తరబడి కలిసి ఆడితేనే వస్తుంది.

అపోహ: గొప్ప రిసీవర్ వస్తే గెలుపులు వాటంతట అవే వస్తాయి.

వాస్తవం: 2022లో లాస్ వేగస్ రైడర్స్ జట్టు డవాంటె ఆడమ్స్‌ను తెచ్చుకుంది. క్వార్టర్‌బ్యాక్ డెరెక్ కార్, ఆడమ్స్ ఫ్రెస్నో స్టేట్ కాలేజీలో కలిసి ఆడినవారు, కాబట్టి పొందిక గురించి ఎవరికీ అనుమానం లేదు. ఆడమ్స్ 100 క్యాచ్‌లు, 1,516 గజాలు, 14 టచ్‌డౌన్లు చేశాడు, అంతకంటే ఎవరూ ఏమీ అడగలేరు. అంతకు ముందు ఏడాది 10 ఆటలు గెలిచిన జట్టు ఆ ఏడాది 6 గెలిచింది. అదే ఏడాది టైరీక్ హిల్‌ను మయామీకి వదులుకున్న కాన్సాస్ సిటీ చీఫ్స్, వెయ్యి గజాలు దాటిన వైడ్ రిసీవర్ ఒక్కడూ లేకుండానే సూపర్ బౌల్ గెలిచింది. రిసీవర్ బంతి విసరలేడు, లైన్‌లో నిలబడి క్వార్టర్‌బ్యాక్‌ను కాపాడలేడు, ప్రత్యర్థి ఆఫెన్స్‌ను ఆపలేడు.

అపోహ: వార్తల్లో వచ్చిన మొత్తమంతా ఆటగాడికి దక్కుతుంది.

వాస్తవం: దక్కదు. హామీ ఇచ్చిన భాగమే గట్టిది. గాలడే 7.2 కోట్లలో హామీ ఉన్నది 4 కోట్లకు, కర్క్‌కు 3.7 కోట్లకు. మిగిలిన సంవత్సరాల జీతం, ఆ సంవత్సరం వచ్చేసరికి జట్టు అతడిని ఉంచుకుంటేనే. ఒప్పందం వార్త చదివినప్పుడు హామీ మొత్తం ఎంతో వెతికి చూస్తే, జట్టు అతడి మీద ఎన్నేళ్లు ఆశ పెట్టుకుందో తెలుస్తుంది.

అపోహ: అడ్డుకోవడం లైన్‌లో ఉండే బరువైనవాళ్ల పని, రిసీవర్‌ది కాదు.

వాస్తవం: బంతి పట్టుకుని పరుగెత్తేవాడు పది గజాలు దాటాక అతడికి ఎదురయ్యేది కార్నర్‌బ్యాక్, సేఫ్టీ. వాళ్లను అడ్డుకోవడానికి అక్కడ ఉండేది రిసీవర్ ఒక్కడే. పిట్స్‌బర్గ్ స్టీలర్స్‌కు ఆడిన హైన్స్ వార్డ్ వెయ్యి క్యాచ్‌లు పట్టినవాడు, అయినా ఈ పనిలో అతడు ఎంత గట్టివాడంటే, డిఫెండర్‌ను చూపు అందని వైపు నుంచి తల మీద ఢీకొట్టకూడదని 2009లో లీగ్ తెచ్చిన నిబంధనకు జనం అతడి పేరే పెట్టారు. అందువల్ల సెప్టెంబరులో మీ జట్టు మొదటి ఆట చూసేటప్పుడు, బంతి అవతలి వైపుకు వెళ్లిన ప్లేలో ఒక్కసారి కొత్త రిసీవర్ మీదే చూపు ఉంచండి. విజిల్ మోగేదాకా అతడి కాళ్లు ఆగకుండా ఎవరినైనా అడ్డుకుంటూ కదులుతున్నాయా, లేక బంతి తనకు రాలేదని నడకలోకి దిగాయా అన్నది గమనించండి. ఆ రాత్రి వీడియోలో నేను మొదట వెతికేది కూడా అదే.