వాన నీరు, పెరిగే పట్టణం: అపోహలు - వాస్తవాలు

వరద నీటి పారుదలకు రూపకల్పన చేసే వృత్తిలో ఉన్నందువల్ల, ముంపు వచ్చిన ప్రతిసారీ దాదాపు ఇవే మాటలు వింటుంటాను. వీటిని నమ్మి తీసుకునే నిర్ణయాల భారం పల్లంలో నివసించేవారి మీద పడుతుంది కనుక వివరంగా రాస్తున్నాను.

అపోహ: కాలువను వెడల్పు చేస్తే ముంపు తీరిపోతుంది.

చదరపు మీటరు నేల మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు నీరు చేరుతుంది. ఆ లెక్కన 1,000 చదరపు మీటర్ల స్థలంలో 50 మిల్లీమీటర్ల వాన అంటే 50,000 లీటర్లు. చెట్లూ వదులు మట్టీ ఉన్న నేలలో అందులో చాలా భాగం ఇంకిపోగా, మిగిలినది గుంటల్లో ఆగుతూ నిదానంగా పల్లానికి చేరుతుంది. అదే స్థలాన్ని పైకప్పులూ కాంక్రీటూ కప్పేస్తే సుమారు 45,000 లీటర్లు బయటకు వస్తాయి, అదీ ఎంతో తక్కువ వ్యవధిలో. పట్టణాల్లో ముంపుకు నీటి పరిమాణం ఎంత కారణమో, ఈ వేగం కూడా అంతే కారణం. కాలువను వెడల్పు చేసి గోడలను నున్నగా కడితే ఎగువ వీధి తెరిపిన పడుతుంది కానీ, ఆ ఉధృతి యథాతథంగా దిగువ కాలనీకి చేరుతుంది. కాలువ కలిసే నదిలో నీటిమట్టం అప్పటికే ఎక్కువగా ఉంటే, ఎంత పెద్ద కాలువైనా నిండుగా నిలిచిపోతుంది.

అపోహ: పచ్చగా ఉన్న నేలంతా నీటిని పీల్చుకుంటుంది.

కొత్త లేఔట్‌లోని పచ్చికను భారీ వాన తర్వాత పారతో తవ్వి చూడండి. పైన నాలుగు వేళ్ల మందాన బురద, దాని కింద పొడిగా, గట్టిగా, పార దిగని పొర కనిపించవచ్చు. నిర్మాణ సమయంలో బరువైన యంత్రాలు తిరగడంతో మట్టి రేణువుల మధ్య ఖాళీలు మూసుకుపోయి ఏర్పడిన పొర అది. దాని మీద పరిచిన పచ్చిక నుంచి నీరు కాంక్రీటు మీద పారినట్లే జారిపోతుంది. పార్కుకు కేటాయించిన స్థలంలోకి మొదటి రోజు నుంచే యంత్రాలను రానివ్వకుండా కంచె వేయడం, తర్వాత చేసే ఏ మరమ్మతు కన్నా మేలని నా అభిప్రాయం.

అపోహ: ప్రతి స్థలంలోనూ నీటిని ఆపి వదిలితే చాలు.

ఎగువన ఆపడం సాధారణంగా మేలే చేస్తుంది. అయితే కాలువ చివరకు దగ్గరగా ఉన్న స్థలం నీరు, ఎగువ వరద రాకముందే వెళ్లిపోవలసినది. దాన్ని గంటసేపు ఆపి వదిలితే సరిగ్గా ఎగువ వరద ఉధృతితో కలిసి, ఏమీ చేయకపోతే వచ్చేదానికన్నా ఎక్కువ ప్రవాహం రావచ్చు. అందుకే స్థలాన్ని కాక మొత్తం పరీవాహక ప్రాంతాన్ని లెక్కలోకి తీసుకోవాలి.

అపోహ: వందేళ్ల వాన ఒకసారి వచ్చింది కనుక మన తరానికి భయం లేదు.

ఏటా ఒక శాతం సంభావ్యత ఉన్న వాన అని మాత్రమే దాని అర్థం. ముప్పై ఏళ్లలో అది కనీసం ఒకసారి వచ్చే అవకాశం సుమారు 26 శాతం.

అపోహ: వాన నీరు శుభ్రమైనదే కనుక నేరుగా ఇంకుడు గుంతలోకి వదలవచ్చు.

పైకప్పు నీటికి వడపోత చాలావరకు సరిపోతుంది. రోడ్ల మీద పారే తొలి జల్లు మాత్రం ఇంజిన్ నూనెనూ, టైర్ల అరుగుదల పొడినీ, బ్రేకుల నుంచి రాలిన లోహపు రజనునూ కడిగి తెస్తుంది. ఆ నీటిని మొదట మట్టి పేరుకునే తొట్టిలో నిలబెట్టి, మొక్కలున్న మట్టి పొరల గుండా పోనిచ్చాకే భూమిలోకి వదలాలి. తాగునీటి బావులకు సమీపంలో అసలే వదలకూడదు.