తాళాల గుత్తి ఎవరి దగ్గర ఉండాలి?

చిరంజీవులకు తాతయ్య ఆశీర్వదించి వ్రాయునది.

అమెరికా ప్రభుత్వం తన ప్రజల ఫోన్లన్నీ వింటుందా అని అడిగారు. వినకుండానే అది చాలా తెలుసుకుంది. ఎలాగో చెప్పాలంటే ముందు ఒక పెద్ద ఉమ్మడి కుటుంబాన్ని ఊహించుకోండి. ఆ ఇంట్లో గదికొక పెద్దమనిషి, ఆయనకొక తాళం వేసిన పెట్టె. ఎవరి పెట్టెలో ఏముందో పక్క గదికి తెలియదు. 2001 సెప్టెంబరు 11 దాడులకు ముందు అక్కడి గూఢచార సంస్థలు దాదాపు ఇలాగే ఉండేవి. విమానాలను హైజాక్ చేసినవారిలో ఇద్దరి గురించి విదేశీ వ్యవహారాలు చూసే సీఐఏకు ముందే కొంత తెలిసినా, దేశం లోపల దర్యాప్తు చేసే ఎఫ్‌బీఐకి ఆ కబురు సకాలంలో చేరలేదు.

ఆ దాడులపై వేసిన విచారణ సంఘం 2004 జూలైలో ఈ లోపాన్ని ఎత్తిచూపగా, అదే ఏడాది డిసెంబరులో వచ్చిన చట్టం అన్ని గదులకూ ఒక ఇంటి పెద్దను, అంటే జాతీయ ఇంటెలిజెన్స్ డైరెక్టరును, ఏర్పాటు చేసింది. 2005లో జాన్ నెగ్రోపాంటే మొదటగా ఆ పదవి చేపట్టారు. అయితే గుత్తిలోని పెద్ద తాళంచెవులు కొన్ని, అంటే కొన్ని పెద్ద గూఢచార సంస్థల అదుపు, రక్షణ శాఖ దగ్గరే ఉండిపోయాయి.

తాళాల గుత్తి అంటే నాకు మా నాయనమ్మే గుర్తొస్తుంది. ఒకసారి వెండి గిన్నె కనపడక ఆవిడ ఇంట్లో అందరి పెట్టెలూ తెరిపించింది. గిన్నె దొరికిందో లేదో మరచిపోయాను గాని, గోలీలూ పక్షి ఈకలూ దాచుకున్న నా పెట్టెను అందరి ముందూ బోర్లించినప్పుడు నాకు వచ్చిన ఉడుకుమోతు ఏడుపు మాత్రం ఇప్పటికీ గుర్తుంది. దొంగను వెతికేవారు దొంగకాని వాడి మనసును కూడా కాస్త పట్టించుకోవాలి.

అమెరికాకు ఈ పాఠం కొత్తది కాదు. ప్రభుత్వం ఏళ్ల తరబడి ప్రజల టెలిగ్రాముల నకళ్లు తీసుకున్నదని 1975లో సెనేట్ నియమించిన చర్చ్ కమిటీ (అధ్యక్షుడైన సెనేటర్ ఫ్రాంక్ చర్చ్ పేరు మీద అలా పిలిచారు) బయటపెట్టింది. 1978లో గూఢచర్యపు నిఘాకు అనుమతి ఇచ్చే ప్రత్యేక న్యాయస్థానం వచ్చింది. కాని నాయనమ్మ ఒక్కతే చెబుతుంటే తలుపులు మూసుకుని వినే మా తాతయ్య లాంటిదది, పెట్టె యజమానికి అక్కడ పిలుపు ఉండదు. 2001 దాడుల తర్వాత వచ్చిన పేట్రియాట్ చట్టంలోని 215వ సెక్షన్‌ను ఆధారం చేసుకుని, అనుమానితులూ కానివారూ అన్న తేడా లేకుండా కోట్లమంది ఫోన్ వివరాలను సేకరించడానికి ఆ న్యాయస్థానమే అనుమతించింది. గూఢచార సంస్థకు కాంట్రాక్టు మీద పనిచేసిన ఎడ్వర్డ్ స్నోడెన్ 2013లో ఆ సంగతి బయటపెట్టాడు. ఆ సేకరణ వల్ల ఉగ్రవాద దర్యాప్తు ఫలితం మారిన సందర్భం ఒక్కటీ కనపడలేదని 2014లో పౌరుల గోప్యతను, హక్కులను చూసే ప్రభుత్వ పర్యవేక్షక మండలి తేల్చింది. తమాషా ఏమిటంటే, ఆ మండలి పుట్టింది కూడా 2004 చట్టంలోనే. మరుసటి ఏడాది చట్టసభ ఆ గంపగుత్త సేకరణను ఆపించింది.

ఆ సేకరణలో మాటలు లేవు; ఎవరు ఎవరికి, ఎప్పుడు, ఎంతసేపు ఫోన్ చేశారన్నదే ఉంది. అంతమాత్రానికి ఇంత గొడవా అనిపిస్తే, ఇంట్లోవాళ్ల అనుమతి అడిగి మీ ఇంటి ఫోన్‌లో ఒక వారంపాటు ఆ మూడు వివరాలే కాగితం మీద రాయండి. దాన్ని బయటివాళ్లకు ఇవ్వకుండా మీరే కూర్చుని చదివి, మీ ఇంటి సంగతులు ఎన్ని పట్టుబడ్డాయో నాకు ఉత్తరం రాయండి.