ఫైవ్ పాయింట్జ్ గోడలకి తెల్ల రంగు ఎందుకు పడింది, దానికి 67.5 లక్షల డాలర్లు ఎందుకు కట్టాల్సొచ్చింది

2013 నవంబర్ 19 తెల్లవారేసరికి న్యూయార్క్‌లో ఒక పాత ఫ్యాక్టరీ గోడల నిండా తెల్ల రంగు. క్వీన్స్‌లోని లాంగ్ ఐలండ్ సిటీలో, ఏడో నంబర్ రైలు పైకెక్కి వంపు తిరిగే చోట, జాక్సన్ అవెన్యూ పక్కన ఉండేదా భవనం. ముందురోజు దాకా కింది గోడ నుంచి పైకప్పు గది దాకా ఖాళీ లేకుండా బొమ్మలుండేవి. దాని పేరు ఫైవ్ పాయింట్జ్. నగరంలోని అయిదు బరోలూ, అంటే అయిదు పెద్ద విభాగాలూ, కలిసే చోటు అని ఆ పేరు. మన్‌హాటన్ నుంచి ఏడో నంబర్ ఎక్కి ఫ్లషింగ్‌లో గణేశుడి గుడికి వెళ్ళిన మనవాళ్ళు చాలామంది ఆ రోజుల్లో రైలు కిటికీలోంచి ఈ గోడల్ని చూసే ఉంటారు, అదేంటో పేరు తెలియకపోయినా.

తెల్ల రంగు వేయించింది ఆ భవనం సొంతదారే. తన గోడ, తన రంగు. మరి అయిదేళ్ళు తిరక్కుండానే 21 మంది బొమ్మలేసినవాళ్ళకి 67.5 లక్షల డాలర్లు కట్టమని అదే మనిషి మీద తీర్పు ఎలా వచ్చింది? ఇది అర్థం కావాలంటే 2013 నుంచి మొదలుపెడితే కుదరదు, గోడల మీదా రైళ్ళ మీదా రాతలు, అంటే గ్రాఫిటీ, మొదలైన కాలం దాకా వెనక్కి వెళ్ళాలి.

ఫిలడెల్ఫియాలో కార్న్‌బ్రెడ్ అనే కుర్రాడు 1960ల చివర్లోనే ఊరంతా తన పేరు రాసుకుంటూ తిరిగాడు. న్యూయార్క్‌లో ఆ పిచ్చి ముదిరింది మాత్రం టాకీ 183తో. మన్‌హాటన్‌లో 183వ వీధిలో ఉండే గ్రీకు కుటుంబం కుర్రాడు. ఉత్తరాలూ ప్యాకెట్లూ అందించే మెసెంజర్ పని కాబట్టి రోజూ ఊరంతా తిరిగేవాడు, తిరిగిన చోటల్లా మార్కర్‌తో పేరూ వీధి నంబరూ రాసేవాడు. 1971 జులైలో న్యూయార్క్ టైమ్స్ అతని మీద కథనం వేసింది. ఇక చెప్పేదేముంది, పేపర్లో పడాలంటే గోడ మీద పేరు రాస్తే చాలని వందల మంది పిల్లలకి అర్థమైపోయింది. మరుసటేడే మేయర్ జాన్ లిండ్సే దీని మీద యుద్ధం ప్రకటించాడు.

పేరు మొదట చిన్న సంతకంలా ఉండేది, దాన్ని ట్యాగ్ అంటారు. అందరూ రాస్తుంటే ఎవరి పేరూ కనపడదు కదా, అందుకని అక్షరాలు లావెక్కాయి, చుట్టూ గీత వచ్చింది, లోపల రంగు నిండింది, నీడ పడింది, బాణాలు మొలిచాయి. 1970ల మధ్యకి వచ్చేసరికి బోగీ మొత్తం కింద నుంచి పై దాకా కప్పేయడం మామూలైపోయింది. ఆ దశాబ్దంలోనే లీ క్వినోనెస్, అతని జట్టు కలిసి పది బోగీల రైలు మొత్తానికీ రంగేశారు. వీళ్ళు తమను ఆర్టిస్టులు అనుకోలేదు, రైటర్లు అనుకునేవాళ్ళు. చేసేది అక్షరాలతో పని. వాళ్ళలో వాళ్ళు మెచ్చుకునేది కూడా అదే: గీత వణక్కుండా వచ్చిందా, రంగు కారిందా లేదా, ఒక అక్షరం పక్క అక్షరంలోకి ఎంత తేలిగ్గా దూరింది, ఇంకొకడి స్టయిల్ కొట్టేశాడా సొంతంగా తెచ్చాడా. బయటివాళ్ళకి ఇదంతా చిందరవందర. చదవడానికి రాకపోవడమే వాళ్ళకి గొప్ప.

రైలెక్కే జనం గోల కూడా వినాలి, అది అబద్ధం కాదు. నేథన్ గ్లేజర్ అనే సమాజ శాస్త్రవేత్త 1979లో రాసిన వ్యాసంలో చెప్పిందేంటంటే, బోగీ లోపల ఎటు చూసినా ఈ రాతలు కనపడితే ప్రయాణికుడికి ఇక్కడ అడిగేవాడు ఎవడూ లేడనే భయం పుడుతుంది అని. నగరం చేతిలో డబ్బుల్లేవు, రైళ్ళు ఆగిపోతున్నాయి, దొంగతనాలు జరుగుతున్నాయి. అలాంటప్పుడు కిటికీ అద్దం మీద కూడా పేరు రాసేస్తే ఏ స్టేషనొచ్చిందో కనపడక తిట్టుకోకుండా ఎవరుంటారు! బొమ్మల్ని మెచ్చుకునేవాళ్ళు సాధారణంగా బయట నుంచి బోగీని చూసినవాళ్ళు, తిట్టినవాళ్ళు లోపల కూర్చున్నవాళ్ళు. ఈ తేడా పట్టించుకోకుండా వాదించుకుంటూ ఒక తరం గడిపేశారు.

తెల్ల రంగు ఈ కథలోకి మొదటిసారి వచ్చింది 1981 ప్రాంతంలో, అదీ ఏడో నంబర్ లైను మీదే. అప్పటి మేయర్ ఎడ్ కాచ్, ఆ లైను రైళ్ళు నిలిపే కరోనా యార్డు చుట్టూ రెండు వరసల ముళ్ళ కంచె కట్టించి, మధ్యలో కుక్కల్ని వదిలించాడు. తన ఇష్టమైతే కుక్కలు కాదు, తోడేళ్ళనే పెట్టేవాణ్ణని ఆయన అనడం అప్పట్లో బాగా నవ్వు తెప్పించింది. రైళ్ళకి తెల్ల రంగు కొట్టించారు. తెల్ల బోగీని చూస్తే రైటర్‌కి చెయ్యి ఊరుకుంటుందా అని ఎవరికీ తోచలేదేమో. చివరికి పని చేసింది రంగూ కాదు కుక్కలూ కాదు, మొండి పద్ధతి: రాత ఉన్న బోగీ యార్డు దాటి బయటికి రాకూడదు. 1984లో మొదలెట్టి ఒక్కో లైనూ శుభ్రం చేసుకుంటూ వెళ్ళి, 1989 మే 12న ఇక రాతలున్న రైలు ఒక్కటీ నడవడం లేదని ప్రకటించారు. తాను వేసింది ఊళ్ళో తిరగదని తెలిశాక రైటర్‌కి రైలు మీద మోజు పోయింది.

ఈ మధ్యలో ఒకటి జరిగింది, దాన్ని దాటేసి వెళ్ళలేను. 1983 సెప్టెంబర్‌లో మైకేల్ స్టీవర్ట్ అనే 25 ఏళ్ళ నల్లజాతి యువకుణ్ణి, ఫస్ట్ అవెన్యూ స్టేషన్‌లో గోడ మీద రాస్తున్నాడని ట్రాన్సిట్ పోలీసులు పట్టుకున్నారు. ఆస్పత్రికి చేర్చేటప్పటికే కోమాలో ఉన్నాడు, రెండు వారాల లోపే చనిపోయాడు. 1985లో విచారణ జరిగి పోలీసులంతా నిర్దోషులుగా బయటికొచ్చారు. సామో అనే పేరుతో గోడల మీద రాస్తూ పైకొచ్చిన చిత్రకారుడు బాస్కియా ఆ సంఘటన మీద ఒక బొమ్మ వేశాడు. అదే బాస్కియా 1982లో వేసిన పెయింటింగ్ ఒకటి 2017లో 11 కోట్ల డాలర్లు దాటి అమ్ముడుపోయింది. గోడ మీద రాసే చెయ్యి ఒకడిది గ్యాలరీకి వెళ్ళింది, ఇంకొకడిది బేడీల్లోకి.

రైళ్ళు పోయాక మిగిలినవి గోడలు. హార్లెమ్‌లో ఒక స్కూలు ఆవరణ గోడ 1980 నుంచే రైటర్లకి అడ్డా అయింది. లాంగ్ ఐలండ్ సిటీలో నీటి మీటర్లు తయారుచేసిన పాత ఫ్యాక్టరీ ఒకటుండేది, తర్వాత ఫైవ్ పాయింట్జ్ అయింది అదే, దాన్ని జెర్రీ వోల్కాఫ్ అనే బిల్డర్ 1970ల మొదట్లో కొన్నాడు. లోపల చవక అద్దెకి ఆర్టిస్టుల స్టూడియోలు పెట్టుకోనిచ్చాడు. 1990ల్లోనే బయటి గోడల మీద బొమ్మలకి ఒప్పుకున్నాడు. పిల్లలు దొంగచాటుగా చెడగొట్టడం కంటే అనుమతిచ్చి వేయించడం మేలన్న ఆలోచనతో మొదలైందది. 2002లో జోనథన్ కోహెన్ ఆ గోడల బాధ్యత తీసుకున్నాడు. మీరెస్ వన్ అనే పేరుతో రాసే రైటర్ అతను. ఇక్కణ్ణుంచే ఆ చోటు స్థాయి మారింది.

మీరెస్ పద్ధతి చూస్తే గ్రాఫిటీ అంటే అరాచకం అనుకునేవాళ్ళు ఆశ్చర్యపోతారు. కొత్తవాడు వస్తే ముందు పాత పనులు చూపించాలి, స్కెచ్ తేవాలి. నేర్చుకుంటున్నవాళ్ళకి కొన్ని గోడలు, అక్కడి బొమ్మ కొన్ని రోజుల్లో పోతుంది, ఇంకొకరిది వస్తుంది. రైలు కిటికీకి ఎదురుగా పడే మంచి గోడలు పేరున్నవాళ్ళకి, అవి ఏళ్ళ తరబడి ఉంటాయి. ఒకరి బొమ్మ మీద ఇంకొకరు ఇష్టమొచ్చినట్టు వేయడానికి లేదు. రాజకీయాలు, మతం, బూతు వద్దన్నది యజమాని షరతు. పదకొండేళ్ళలో ఆ గోడల మీదికి వచ్చిపోయిన బొమ్మలు 10,000కు పైనే అని తర్వాత కోర్టు లెక్కగట్టింది. బ్రెజిల్ నుంచి జపాన్ దాకా వచ్చి వేసి వెళ్ళారు, టూరిస్టు బస్సులు ఆగేవి, స్కూలు పిల్లల్ని తీసుకొచ్చేవాళ్ళు. ఎవరికీ జీతాల్లేవు. యజమానికి కూడా నష్టమేం లేదు, ఆ పరిసరాలకి విలువ పెరుగుతూనే ఉంది. ఆ పెరిగిన విలువే గోడల ప్రాణం తీసిందనుకోండి, అది వేరే సంగతి.

2009లో బయటి మెట్లు కూలి ఒక ఆర్టిస్టుకి తీవ్ర గాయాలయ్యాయి. నగరం అధికారులు వచ్చి లోపలి స్టూడియోలు చాలావరకు మూయించారు. భవనం రోజులు దగ్గరపడ్డాయని అప్పుడే చాలామందికి తెలుసు. 2013లో రెండు ఎత్తయిన టవర్ల ప్లానుకి నగర కౌన్సిల్ ఒప్పుకుంది. అదే అక్టోబర్‌లో ఆర్టిస్టులు ఫెడరల్ కోర్టుకి వెళ్ళారు.

వాళ్ళు పట్టుకున్నది 1990 నాటి చట్టం, విజువల్ ఆర్టిస్ట్స్ రైట్స్ యాక్ట్. బొమ్మని అమ్మేసినా, అది వేరేవాళ్ళ గోడ మీదున్నా, దాన్ని పాడుచేయకుండా అడ్డుకునే హక్కు కొంత గీసినవాడి దగ్గరే ఉంటుందన్నది దాని సారం. ఫ్రాన్స్ లాంటి దేశాల్లో పాత మాటే, అమెరికా మాత్రం కాపీరైట్ మీద దేశాల మధ్య ఉన్న బెర్న్ ఒప్పందంలో చేరాక గానీ ఈ చట్టం చేయలేదు. పూర్తిగా ధ్వంసం చేయకుండా ఆపాలంటే ఆ బొమ్మకి గుర్తింపు పొందిన స్థాయి ఉండాలి. గోడ నుంచి ఊడదీయగలిగే పని అయితే యజమాని 90 రోజుల ముందు నోటీసివ్వాలి, ఆ లోపు వాళ్ళు తీసుకెళ్ళొచ్చు.

జడ్జి ఫ్రెడరిక్ బ్లాక్ మొదట ఆర్టిస్టులకి అనుకూలంగా చెప్పలేదు. కూల్చివేత ఆపనని నవంబర్ 12న అన్నాడు, కారణాలు వివరంగా రాసి ఇస్తానన్నాడు. ఆ రాతకోతలు నవంబర్ 20న బయటికొచ్చాయి. బొమ్మలకి స్థాయి ఉందని తేలితే భారీగా చెల్లించాల్సి వస్తుందన్న హెచ్చరిక అందులో ఉంది. కానీ ముందురోజే రంగు పడిపోయింది! ముక్కలు ముక్కలుగా కూలుతుంటే చూసి బాధపడే కంటే ఒక్కసారే పోవడం మేలనుకున్నానని వోల్కాఫ్ చెప్పుకున్నాడు. అసలు కూల్చింది 2014లో. అంటే అన్ని నెలలు ఆ గోడలు ఊరికే తెల్లగా నిలబడ్డాయి.

2018 ఫిబ్రవరి తీర్పు నిలబడింది సరిగ్గా ఈ తొందర మీదే. ఒక్కో బొమ్మ ధర ఇంత అని నమ్మకంగా తేల్చలేమని జడ్జి అన్నాడు, అయినా కావాలని చేసిన తప్పు కాబట్టి చట్టంలో ఉన్న గరిష్ఠ మొత్తం, బొమ్మకి 1,50,000 డాలర్లు, 45 బొమ్మలకీ వేశాడు. పర్మిట్లు వచ్చేదాకా ఆగి, అప్పుడు కూల్చి ఉంటే ఇంత పడేది కాదని కూడా రాశాడు. వాది జాబితాలో లేడీ పింక్ ఉంది. ఈక్వడార్‌లో పుట్టి, 1979లో టీనేజీలో రైళ్ళ మీద మొదలెట్టి, ఆ మగ గుంపుల మధ్య పేరు తెచ్చుకున్న మనిషి. యార్డులో దొరికితే జైలుకెళ్ళాల్సిన అమ్మాయి దాదాపు నాలుగు దశాబ్దాల తర్వాత కోర్టులో గోడ మీది బొమ్మ తనదని నష్టపరిహారం గెలుచుకుంది. ఈ కేసులో నాకు అన్నిటికంటే నచ్చింది ఇదే.

అప్పీల్లో యజమాని వైపు వాదన: ఎప్పటికప్పుడు మారిపోయే బొమ్మలకి స్థాయి ఏంటి అని. 2020 ఫిబ్రవరిలో అప్పీలు కోర్టు ఒప్పుకోలేదు, కొద్ది రోజులే ఉండే పని కూడా గొప్పదవ్వొచ్చని, 2005లో న్యూయార్క్ సెంట్రల్ పార్కులో కొద్ది రోజులు పెట్టిన ద గేట్స్ అనే కళాప్రదర్శనని ఉదాహరణగా చూపింది. అదే ఏడు అక్టోబర్‌లో సుప్రీంకోర్టు కేసు తీసుకోనంది, వోల్కాఫ్ అంతకు ముందే జులైలో చనిపోయాడు. అక్కడ టవర్లు లేచాయి, 1,100కు పైగా ఫ్లాట్లు. వాటికి ఫైవ్ పాయింట్జ్ అనే పేరే పెట్టుకున్నారు. బొమ్మలు అక్కర్లేదు గానీ పేరు కావాలి!

తీర్పు ఫలితం రెండువైపులా ఉంది. ఆ చట్టం కిందే ఆర్టిస్టు తన హక్కు వదులుకుంటున్నానని రాతపూర్వకంగా సంతకం పెట్టొచ్చు. ఇప్పుడు అక్కడ తెలివైన యజమాని గోడ ఇచ్చే ముందు ఆ కాగితం చేతిలో పెడతాడు.

మన దగ్గర కాపీరైట్ చట్టం 57వ సెక్షన్ ఇలాంటి హక్కే ఇస్తుంది. ఢిల్లీ విజ్ఞాన్ భవన్‌లో అమర్‌నాథ్ సెహగల్ చేసిన పెద్ద కంచు మ్యూరల్‌ని 1979లో పీకేసి స్టోర్‌లో పడేస్తే, ఆయన 1992లో కేసు వేసి 2005లో గెలిచాడు, మిగిలిన ముక్కలతో పాటు 5 లక్షల రూపాయలు ఇమ్మంది ఢిల్లీ హైకోర్టు. అదే హైకోర్టు 2019లో ప్రగతి మైదాన్ హాల్ ఆఫ్ నేషన్స్ కూల్చివేత కేసులో, కట్టడాన్ని పూర్తిగా కూల్చే యజమానిని ఆర్కిటెక్టు ఈ సెక్షన్‌తో అడ్డుకోలేడని చెప్పింది. హైదరాబాద్‌లో రాజ్‌భవన్ దగ్గరి మక్తా ఇళ్ళ గోడల మీద బొమ్మలు వేసినవాళ్ళకి రేపు అలాంటి తగాదా వస్తే, సెహగల్ తీర్పు పనికొస్తుందా, 2019 తీర్పు అడ్డమొస్తుందా అన్నది ఆ గోడకి రంగేస్తారా, గోడనే కూల్చేస్తారా అన్నదాన్ని బట్టి ఉంటుంది.